ఇంటిపేరు చెబితే ఊరు చెప్పేవాళ్లు

దుద్దెడ అనే ఇంటిపేరు దుద్దెడలో పుట్టే పేరు కాదు. ఊళ్లో అందరూ దుద్దెడవాళ్లే అయినప్పుడు ఒక్క ఇంటిని ఆ పేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికి వస్తుంది? పొట్ట చేతబట్టుకుని మరో ఊరికి పోయి గుడిసె వేసుకుంటే, అక్కడివాళ్లు "దుద్దెడ నుంచి వచ్చినోళ్లు" అంటారు. రెండు తరాలు తిరిగేసరికి "నుంచి వచ్చిన" రాలిపోయి దుద్దెడ మిగులుతుంది. బెజ్జంకి, కోహెడ, ముస్త్యాల, చేర్యాల కూడా అంతే. ఇవన్నీ సిద్దిపేట జిల్లాలో ఊళ్ల పేర్లు, ఇంకెక్కడో ఇంటిపేర్లు. మనిషి ఉన్న ఊరిని కాదు, విడిచి వచ్చిన ఊరిని ఇంటిపేరు చెబుతుంది.

అందరి ఇంటిపేర్లూ ఇంత సూటిగా ఉంటే వెతకడమే ఉండేది కాదు. భీవండిలో మరమగ్గం నడిపే ఇంట్లోనో, సోలాపూర్‌లో చద్దర్లు నేసే ఇంట్లోనో, ముంబైలో మేస్త్రీ పనివాళ్ల ఇంట్లోనో పుట్టిన మూడో తరం పిల్లవాడిని అనుకుందాం. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో మరాఠీ చదివాడు. "మీదే ఊరు?" అంటే "తెలంగాణ" అంటాడు. మరీ గుచ్చి అడిగితే "సిద్దిపేట దిక్కు" అంటాడు. ఆ దిక్కులో ఏ ఊరో చెప్పగలిగిన తాత లేడు. ముంబైలో కామాఠిపురకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి పోయిన కామాటీలనే కూలీల వల్ల. ఈ వలస అంత పాతది. మనుషులు పోయారు, ఊరి పేరు దారిలో ఎక్కడో జారిపోయింది.

ప్రపంచంలో ఈ చిక్కును బాగా ఎరిగినవాళ్లు ఐరిష్‌వాళ్లు. 1845 నుంచి 1852 దాకా ఆలుగడ్డ పంట కుళ్లి వచ్చిన కరువులో ఐర్లాండ్‌లో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మంది ఓడలెక్కారు. అమెరికా గుమాస్తాలు చాలామంది పేర్ల ఎదుట "ఐర్లాండ్" అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. ఇప్పుడు ముని మనుమలకు కావలసింది దేశం పేరు కాదు, చర్చి పరిధిలోని పల్లెల గుంపు పేరు. దాన్ని పారిష్ అంటారు. పుట్టుకలు, పెళ్లిళ్లు రాసుకున్న పుస్తకాలు ఆ చర్చిలోనే ఉంటాయి. 1922లో అంతర్యుద్ధంలో డబ్లిన్ రికార్డు కార్యాలయం పేలి, 19వ శతాబ్దపు తొలి సగంలోని జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి కాబట్టి ఆ చర్చి పుస్తకాలే దిక్కు. 2015లో వాళ్ల జాతీయ గ్రంథాలయం వాటి నకళ్లను అందరికీ ఉచితంగా తెరిచి పెట్టింది. అయితే పారిష్ పేరు తెలియకుండా వాటిలో దిగితే గడ్డివాములో సూదిని వెతికినట్టే.

మన పల్లెలో పుట్టుకలు రాసిన గుడి పుస్తకం లేదు. భూమి కాగితం ఉంది. అది కూడా తేలిగ్గా చేతికి రాదు. సిద్దిపేట జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక మెదక్‌లోవి, హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్‌లోవి, చేర్యాల, మద్దూరు వరంగల్‌లోవి. ఇంకా వెనక్కి పోతే చేర్యాల ప్రాంతమున్న జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. అంటే ఊరు కదలలేదు గానీ దాని కాగితం మూడు జిల్లాలు తిరిగింది. దానికి తోడు ఒకే పేరున్న ఊళ్లు. నర్సాపూర్ సిద్దిపేట పట్నం పక్కనే ఒకటుంది, మెదక్‌లో ఒకటుంది, నిర్మల్‌లో ఇంకొకటి. తాత నోట "నర్సాపూర్" అని విన్నంత మాత్రాన బస్సెక్కితే లాభం లేదు.

సరైన ఊరు దొరికిందనుకుందాం. తెలంగాణలో 1954–55లో తయారైన ఖాస్రా పహాణీని తిరగేస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగు చేసేవాడి పేరు కనబడతాయి. అంతకన్నా పాతవి కావాలంటే సేత్వారు అనే భూమి రికార్డు ఉంటుంది, దానికి ఉర్దూ చదవగలిగిన మనిషి కావాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో నిజాం కాలపు కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. ఇన్ని ఉన్నా ఒక పెద్ద లోటు మాత్రం తీరదు. పహాణీకి భూమి ఉన్నవాడే మనిషి. నేతగాడికి మగ్గం గుంత తప్ప చెలక లేదు. గౌడుకు తాడిచెట్టు ఉంది, పట్టా లేదు. జీతగాడికి అదీ లేదు. ఊరు వదిలి వలస పోయినవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా వీళ్లే.

వీళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది? పటం చుట్టి సంకన పెట్టుకుని ఊరూరా తిరిగే మనుషుల దగ్గర.

తెలంగాణలో ఒక్కో కులానికి కథ చెప్పి గోత్రాలు పాడే ఆశ్రిత కులం ఒకటి ఉంటుంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ, చాకలివాళ్లకు పటంవాళ్లు మడేలు పురాణం, గౌడులకు గౌడజెట్టీలు గౌడ పురాణం. గొల్లలకు మందహెచ్చులవాళ్లు బొమ్మలు నిలబెట్టి కాటమరాజు కథ నడిపిస్తారు. మంగలివాళ్లకు అద్దపువాళ్లున్నారు. పటం లేకుండా ఒట్టి నోటితో రెడ్లకు, కాపులకు వంశాలు చదివే పిచ్చకుంట్లవాళ్లున్నారు. ఇప్పుడు వాళ్ల పేరు వంశరాజ్. ఒక కుంటివాడి కథ నుంచి వచ్చిన పాత పేరును పక్కనపెట్టి, చేసే పనిని బట్టి తెచ్చుకున్న పేరు ఇది. బాగుంది కూడా.

ఈ పటాలకు పుట్టిల్లు సిద్దిపేట జిల్లాలోని చేర్యాల. నకాషీలనే చిత్రకారులు ఖద్దరు గుడ్డ తీసుకుని, దానికి చింతగింజల అంబలి, గంజి, సుద్దమట్టి, చెట్టు జిగురు కలిపి పూత మీద పూత వేసి ఎండబెడతారు. గుడ్డ అట్టలా బిగుస్తుంది. వెనకంతా ఎరుపు రంగు. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో గీత గీస్తారు. పటం వెడల్పు సుమారు మూడడుగులు, పొడవు ముప్పై అడుగులు దాటినా ఆశ్చర్యం లేదు. పైన వినాయకుడు, కింద వరసలు వరసలుగా కథ, వరసకూ వరసకూ నడుమ పూల అంచు. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ రావాలో నిర్ణయించేది నకాషీ ఒక్కడే కాదు. పటం చేయించుకునే కథకుడు పక్కన కూర్చుని తన కథ చెబుతుంటే దానికి తగ్గట్టు బొమ్మ పడుతుంది. ధనాలకోట కుటుంబం ఈ పనిని ఇప్పటికీ పట్టుకుని ఉంది. కాకపోతే నేడు అడిగేవాళ్లు కథకులు కాదు, గోడకు ఫ్రేము కట్టుకునేవాళ్లు.

ఆట రోజు రాత్రి వాడలో రెండు గుంజలు పాతి పటం వేలాడదీస్తారు. హార్మోనియం, మద్దెల, తాళాలు. కథకుడు పుల్లతో బొమ్మను తాకుతూ పాడతాడు, వంతపాటగాళ్లు అందుకుంటారు, ఒక వరస అయిపోగానే పటం కిందికి జరుగుతుంది. కులం పుట్టుక అయ్యాక, మూలపురుషుడి పెళ్లి అయ్యాక గోత్రాల వంతు. పద్మశాలీలకు 101 గోత్రాలు. ఆ పట్టీని మామూలుగా చదివితే ఎవరికైనా నిద్ర వస్తుంది, దరువు మీద పాడితే ఒక్క పేరు తప్పినా తాళం తప్పుతుంది. రాగం ఇక్కడ అలంకారం కాదు, తాళంచెవి. పాట నడుమ ఎవరైనా లేచి త్యాగం ఇస్తే, కథకుడు ఆగి, ఇచ్చినవాడి ఇంటిపేరు, గోత్రం, తాతతండ్రుల పేర్లు ఎత్తుకుని పొగుడుతాడు. త్యాగం అంటే కులం అతనికి ఇవ్వాల్సిన కట్నం. వడ్లు కావచ్చు, బట్టలు కావచ్చు, ఇప్పుడైతే నోట్లు.

ఇంత జ్ఞాపకం ఎందుకు పెట్టుకుంటారనే ప్రశ్నకు జవాబు భక్తిలో కన్నా బతుకులో దొరుకుతుంది. కథకుడి కుటుంబానికి మిరాశి ఉంటుంది. ఫలానా ఊళ్లలో ఫలానా కులం ఇళ్లను అడిగే హక్కు అన్నమాట. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్లను పంచుకుంటారు. ఒకడి మిరాశి ఊరికి ఇంకొకడు పోతే పంచాయితీ అవుతుంది. అందువల్ల ఏ ఊళ్లో ఆ కులం ఇళ్లెన్ని, ఏ ఇల్లు ఎక్కడికి లేచిపోయింది, కొత్తగా ఎవరొచ్చారు అనే లెక్క అతనికి కడుపు కూడు. గుమాస్తా తప్పు రాసినా జీతం వస్తుంది, ఇతను ఒక ఇంటిని మరిచిపోతే ఆ ఇంటి త్యాగం పోతుంది. ఐర్లాండ్‌లో పాదిరీకి పారిష్ ఉన్నట్టు, ఇతనికి మిరాశి ఉంది. హరిద్వార్‌లో పండాలనే పురోహితులు యాత్రికుల వంశాలను ఊరు వారీగా బహీలనే పుస్తకాల్లో రాసిపెట్టుకోవడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. అక్కడ ఇల్లే పండా దగ్గరికి నడిచి వస్తుంది, ఇక్కడ కథకుడే ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు.

భీవండి పిల్లవాడు ఊరు వెతకాలంటే మొదట అడగాల్సింది తాతను కాదు, నాయనమ్మను. ఆమె పుట్టింటి ఇంటిపేరు కావాలి. మేనరికాలు, దగ్గరి సంబంధాలు నడిచిన కాలంలో పెళ్లిళ్లు బండి పోయే దూరంలోనే కుదిరేవి. తాత ఇంటిపేరు పది ఊళ్లలో ఉండొచ్చు, నాయనమ్మ ఇంటిపేరు ఇంకో పది ఊళ్లలో ఉండొచ్చు. రెండూ పక్కపక్కన ఉన్న చోటు రెండు మూడుకు మించదు. ఐరిష్‌వాళ్లు బాప్తిస్మం పుస్తకంలో బిడ్డకు పూచీ నిలబడ్డ చుట్టాల పేర్లు చూసి ఊరు పసిగట్టేది కూడా ఈ ఒడుపుతోనే.

ఆ తర్వాత ఇలవేల్పు. పెళ్లయ్యాక ఏ దేవుడి దగ్గరికి పోయేవాళ్లు, దేవుడికి ముగ్గుల పట్నం ఎక్కడ వేసేవాళ్లు? కొమురవెల్లి మల్లన్న అనే జవాబు వస్తే దిక్కు తెలిసినట్టే గానీ ఊరు తేలినట్టు కాదు. మల్లన్నకు మొక్కేవాళ్లు చాలా జిల్లాల్లో ఉన్నారు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో ఆ జాతరకు జనం ఎక్కడెక్కడి నుంచో దిగుతారు. వెతికేవాడికి అదే మంచి అదను, ఒకే చోట నలభై ఊళ్ల ముసలివాళ్లు దొరుకుతారు. ఇంటిపేరు, గోత్రం, కులం మూడూ చెప్పి "మీకు కథ చెప్పేవాళ్లెవరు, వాళ్లుండేది ఎక్కడ?" అని అడగాలి. కులపెద్దకు ఆ కబురు తెలుస్తుంది. ఊరి జాడ కన్నా కథకుడి జాడ తొందరగా దొరుకుతుంది. ఆ తర్వాతే పహాణీ పని.

సముద్రం దాటినవాళ్ల కథ దీనికి తలకిందులు. 1834 నవంబర్ 2న 'అట్లాస్' ఓడ మారిషస్ చేరింది మొదలు, 1860 నవంబర్ 16న 'ట్రూరో' మద్రాసు నుంచి డర్బన్‌లో దిగేదాకా, ఆ తర్వాతా, ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లకు కాగితం ఉంది. తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఆ పట్టీల్లో రాసి ఉంటాయి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ రికార్డులను భద్రపరిచింది. కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లను అక్కడ కోరంగులనే పిలిచారు. పిలిచే పేరు ఇక్కడా విడిచి వచ్చిన చోటిదే అయింది! వాళ్లకు కాగితం మిగిలింది, కథకుడు దూరమయ్యాడు. తెల్ల గుమాస్తా చెవికి ఊరి పేరు ఎట్లా వినబడిందో అట్లానే పట్టీకెక్కింది. దాన్ని మళ్లీ తెలుగు చేసుకోవడమే వాళ్ల ముని మనుమలకు మిగిలిన పని.

కథకుడి మాటను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. గట్టిగా త్యాగం ఇచ్చినవాడి ముత్తాత పాటలో కాస్త ఎత్తు పెరుగుతాడు. రుషుల దాకా పోయే తొలి భాగం నమ్మకం, దాన్ని చరిత్ర అని వాదించి ఉపయోగం లేదు. పనికొచ్చేది చివరి నాలుగైదు తరాలు, ముఖ్యంగా వలస చెప్పే చోటు: ఎక్కడి నుంచి లేచారు, ఎక్కడ ఆగారు, ఏ తగాదాకు విడిపోయారు. తగాదా ఉన్న చోట కథకుడి మాటకు బలం ఎక్కువ. పొగడ్తకు పనికిరాని దాన్ని ఎవరూ కల్పించి పాడరు కదా. ఇంకో లోపం మరీ పెద్దది. ఈ వంశాల్లో ఆడవాళ్ల పేర్లు దాదాపు ఉండవు. ఊరు పట్టించేది నాయనమ్మ పుట్టింటి పేరేనని పైన చెప్పుకున్నాం, పాటలో మాత్రం ఆమె ఒకరి భార్య, ఒకరి తల్లి.

అన్నిటికన్నా ముల్లులా గుచ్చుకునేది వేరే ఉంది. ఇంతమంది వంశాలు మోసినవాడిని లోకం అడుక్కునేవాడి కింద జమకట్టింది. డక్కలివాళ్లను, వాళ్లు ఎవరి పురాణం చెబుతారో ఆ వాడలోకే రానీయక వెలుపల ఉంచిన కాలం ఉంది. అటువంటి కథకుడి కొడుకు సిద్దిపేటలో ఆటో నడుపుకుంటానంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు.

పటం పాతబడి చిరిగితే పారేయరు. మనిషికి చేసినట్టు చేయాల్సినవి చేసి ఏటి నీళ్లలో కలుపుతారు, కొత్త పటం మీద కథ మళ్లీ మొదలవుతుంది. అట్లా నీళ్లలో కలవకుండా మిగిలిన కొన్ని పాత పటాలు హైదరాబాద్‌లోని జగదీశ్, కమల మిట్టల్ మ్యూజియంలో ఉన్నాయి. ఎరుపు ఇంకా మెరుస్తూనే ఉంటుంది. వాటిలో మార్కండేయుడు దొరుకుతాడు, పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి దొరుకుతాడు. దుద్దెడవాళ్లు, ముస్త్యాలవాళ్లు దొరకరు, ఎందుకంటే ఇంటిపేర్లను పటం మీద ఎప్పుడూ గీయలేదు. అవి పుల్ల పట్టుకున్న మనిషి నోట్లోనే ఉండేవి.