కర్బన పాఠం – పునశ్చరణ తీరు

పదవ తరగతి విద్యార్థులను జడిపించే పాఠాలలో కర్బన సమ్మేళనాల పాఠం ఒకటి. మార్చి పరీక్షలు దగ్గరపడే సరికి కర్నూలు, కడప సీమలోని పాఠశాలలలో కూడ దీని పునశ్చరణ మొదలవుతుంది. అందుకు విద్యార్థి చేతికందే సాధనం సాధారణంగా ఒక ప్రశ్నల నిధి, లేదా ఒక గైడు. అందులో పాఠమంతా నాలుగు పట్టికలుగా కుదించుకుపోతుంది: మీథేన్ మొదలు డెకేన్ వరకు పేర్లు, ప్రమేయ సమూహాలు, పేర్ల చివర చేర్చవలసిన ప్రత్యయాలు, ముఖ్యమైన చర్యలు. విద్యార్థి వాటిని వల్లెవేస్తాడు. పట్టికలు తప్పని ఎవరూ అనలేరు. లోపమల్లా ఫలితాలను ముందు చెప్పి, కారణాలు చెప్పకుండానే ముగించడంలో ఉన్నది.

కారణాలు నిజానికి మూడే. కర్బన పరమాణువు నాలుగు బంధాలను ఏర్పరుస్తుంది. కర్బన పరమాణువులు ఒకదానితో ఒకటి కలిసి గొలుసులుగా, వలయాలుగా ఏర్పడగలవు. గొలుసుకు తగిలి ఉన్న ప్రమేయ సమూహం ఆ పదార్థపు నడవడిని చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ మూడూ తెలిసినవానికి పట్టికలో చాలాభాగం లెక్కగానే తేలుతుంది. ద్విబంధాలు లేని తిన్నని గొలుసులో ప్రతి కర్బనానికి రెండేసి ఉదజనులు, రెండు కొసలకు ఒక్కొక్కటి అదనం. పది కర్బనాల డెకేన్‌లో ఉదజనులు 22 అని కంఠస్థం చేయనవసరం లేదు.

ఈ తేడా ఈ సీమలో మరింత ముఖ్యం. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాలనుండి ఏటా ఎన్నో కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. వారితో వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చేసరికి పరీక్షలు తలుపు తడుతుంటాయి. పునశ్చరణ అంటే రెండవసారి చదవడం. ఆ పిల్లలకు అదే మొదటి చదువు. పట్టిక మరచిపోయిన వాటిని గుర్తుచేయగలదే గాని, ఎన్నడూ వినని వాటిని బోధించలేదు.

ఒక ఉదాహరణ చూడవచ్చు. “యూరియాను ప్రయోగశాలలో తయారుచేసినదెవరు?” అన్నది ఒక మార్కు ప్రశ్న; “వోలర్, 1828” అన్నది జవాబు. గైడు అంతటితో ఆగుతుంది. అదే యూరియాను కర్నూలు–కడప కాలువ కింది వరి రైతు సంచులకొద్దీ చల్లుతున్నాడు. సంచి మీద నత్రజని 46 శాతమని అచ్చువేసి ఉంటుంది. యూరియా అణుభారం 60, అందులో రెండు నత్రజని పరమాణువుల భారం 28. సంచి మీది అంకె ఎక్కడినుండి వచ్చిందో పదవ తరగతి విద్యార్థి తేల్చుకోగలడు. నడిమి కర్బనానికి ఆమ్లజనితో ద్విబంధం, రెండు నత్రజనులతో ఒక్కొక్క బంధం: మొత్తం నాలుగు. వోలర్ వేడిచేసిన అమ్మోనియం సయనేట్‌లోనూ ఇవే పరమాణువులు, ఇదే సంఖ్యలో ఉన్నాయి. మారినది కూర్పు మాత్రమే. ఒక్క మార్కు ప్రశ్నలో సంయోజకత, అణుసాదృశ్యం రెండూ దాగి ఉన్నాయి.

అంతకంటె మంచి ఉదాహరణ ఇంటి నూనెసీసాలోనే ఉన్నది. ఈ సీమలో బుడ్డలని పిలిచే వేరుశెనగ నూనెలో ఓలియిక్ ఆమ్లం, దాని తరువాత లినోలియిక్ ఆమ్లం ప్రధానమైనవి. అవి గ్లిసరాల్‌తో కలిసి ఎస్టర్లుగా ఉంటాయి. కార్బాక్సిల్ సమూహానికి 17 కర్బనాల గొలుసు తగిలి ఉన్నదనుకుందాం. అన్నీ ఏకబంధాలైతే ఆ గొలుసులో ఉదజనులు 35. అది స్టియరిక్ ఆమ్లం. ఓలియిక్‌లో 33, అనగా ఒక ద్విబంధం. లినోలియిక్‌లో 31, అనగా రెండు. ద్విబంధం దగ్గర గొలుసు వంగుతుంది. వంగిన గొలుసులు ఒత్తుగా పేరుకోలేవు. అందుచేతనే స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల వరకు గట్టిగా ఉంటే, ఓలియిక్ ఆమ్లం మామూలు వేడిమికే ద్రవం. నికెల్ సమక్షంలో ఉదజనిని చేర్చితే నూనె వనస్పతిగా గడ్డకట్టడం ఇక వింతగా తోచదు.

అదే నూనెను సోడియం హైడ్రాక్సైడుతో కాచితే సబ్బు. ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకైన సున్నపురాయి వంటి రాళ్లగుండా ఊరిన బావినీటిలో కాల్షియం ఉంటుంది. అది సబ్బులోని సోడియం స్థానాన్ని ఆక్రమించి, నురుగుకు బదులు తెల్లని తెట్టును మిగుల్చుతుంది. కఠినజలంలో బట్టలుతికే తల్లికి ఈ తెట్టు తెలుసు. పుస్తకంలోని సమీకరణం బిడ్డకు తెలుసు. రెండూ ఒకటేనని చెప్పవలసినది పునశ్చరణే.

పాఠ్యపుస్తకాన్ని ఇక్కడ తప్పుపట్టలేము. 2024–25 నుండి ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతికి వచ్చిన జాతీయ పాఠ్యపుస్తకంలో కఠినజలంతో సబ్బును పరీక్షించే కృత్యమున్నది, నూనెల హైడ్రోజనీకరణమున్నది. పునశ్చరణలో ముందుగా రాలిపోయేవి అవే. ఒక బుడ్డి నూనె, చిటికెడు సబ్బు, బావినీరు దొరకని పాఠశాల లేదు గనుక సాధనసామగ్రి లేదన్న సాకు ఇక్కడ చెల్లదు.

అయితే కంఠస్థమంతా వ్యర్థమనడం కూడ న్యాయం కాదు. పేర్లు ఒక భాష. ఏ భాషకైనా కొన్ని మాటలు నోటికి రావాలి. అతి పొడవైన గొలుసును ఎన్నుకోవడం, శాఖకు చిన్న అంకె వచ్చేటట్లు లెక్కించడం చేతితో పదేపదే గీస్తేనే వస్తుంది. ప్రశ్నపత్రం పేర్లనే అడిగితే గైడు పేర్లనే ఇస్తుంది. ఆ దోషంలో ప్రశ్నలు కూర్చేవారికీ భాగమున్నది.

కావలసినది వరుస మార్పు. మొదటి రోజు నాలుగు బంధాలు, రెండవ రోజు గొలుసు, మూడవ రోజు ప్రమేయ సమూహం. పట్టిక ఆ తరువాత. సుగ్గినుండి నిన్ననే తిరిగివచ్చిన పిల్లకు కూడ ఈ మూడు మెట్లు అందుతాయి. పరీక్షలో పేరు మరచినా, ఆమె బొమ్మ గీసి, బంధాలు లెక్కించి, జవాబు దగ్గరకు నడవగలదు. వల్లెవేసిన పట్టికలో ఒక గడి చెరిగిపోతే అటువంటి దారి ఏదీ మిగలదు.