తప్పు జవాబుల పనితనం

బిట్ పేపరంటే మనకు చిన్నచూపు. తెలియకపోతే కళ్లు మూసుకుని ‘బి’ పెట్టేస్తే సరి! అలా అనుకునేవాళ్లు కెనడాలో వృత్తి పనివారికి పెట్టే రెడ్ సీల్ పరీక్ష ప్రశ్నలు చూడాలి.

అక్కడ చదువూ, చాలావరకు కార్మిక వ్యవహారాలూ ప్రావిన్సుల చేతిలోవి. ఉదాహరణకు న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్సులో ఉన్నత విద్య, వృత్తి శిక్షణ, కార్మిక వ్యవహారాలు మూడూ ఒకే శాఖ చూస్తుంది. అప్రెంటిస్‌లను నమోదు చేసుకునేదీ, సర్టిఫికెట్ ఇచ్చేదీ ఆ శాఖే. దాని మీద రెడ్ సీల్ ముద్ర పడితే, అక్కడి ఫ్రెడరిక్టన్‌లో పని నేర్చిన వెల్డర్ మరో ప్రావిన్సు ఆల్బర్టాకు వెళ్లినా మళ్లీ పరీక్ష రాయక్కర్లేదు. 1950లలో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు 50కి పైగా వృత్తులకు ఉంది.

ఎవరి చట్టం వాళ్లదైన ప్రావిన్సులు ఒకే ముద్రను ఎలా నమ్ముతున్నాయి? ప్రతి వృత్తినీ పనులుగా, ఉపపనులుగా విడదీసి ఒక ప్రమాణ పత్రం రాస్తారు. ఏ పని ఏ ప్రావిన్సులో చేస్తారు, మొత్తంలో దాని వాటా ఎంత శాతం అన్నది అందులో ఉంటుంది. ఏ పని మీద ఎన్ని ప్రశ్నలు రావాలో ఆ శాతమే తేలుస్తుంది. ఇవన్నీ తేల్చేటప్పుడు, ప్రశ్నలు రాసేటప్పుడు ఆ పనిలో చేతులు కాయలు కాసినవాళ్లే కూర్చుంటారు.

అసలు నేర్పు తప్పు జవాబుల్లో ఉంది. ‘పైవన్నీ’, ‘పైవేవీ కావు’ అనే అడ్డదారులు ఉండవు. ‘కింది వాటిలో కానిది ఏది’ అనే మెలికా ఉండదు. రెడ్ సీల్ తరహాలో నేను అల్లిన ప్రశ్న ఒకటి: సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ కొలవాలంటే ముందు ఏం చేయాలి? మీటర్‌ను సున్నాకు సరిచేయడం, రేంజ్ ఎంచుకోవడం, వైర్లు తగిలించడం, కరెంటు ఆపి సరఫరా లేదని చూసుకోవడం. నాలుగూ చేసే పనులే, కానీ ముందు చేయాల్సింది చివరిదే. పుస్తకం బట్టీ పట్టినవాడు ఇక్కడే తడబడతాడు. పైగా ఇంగ్లిష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ ప్రశ్న ఒకే బరువు తూగాలి.

లోపం లేదనను. అతుకు ఎంత నున్నగా వచ్చిందో కాగితం చెప్పలేదు. అందుకే పరీక్షకు ముందు ఏళ్ల తరబడి పనిచేసిన గంటల లెక్క చూపించాలి. పాస్ మార్కు 70 శాతం.

మన ఐటీఐలకు ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకు ఒక మనవి: రెడ్ సీల్ నమూనా ప్రశ్నలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఒక్కసారి తిరగేయండి, ముఖ్యంగా తప్పు జవాబుల్ని.