గోప్యతకు హద్దు ఎక్కడ? – బీస్టెక్ గ్రంథముపై ఒక పరిశీలన

యేసు సభ గురువైన ఫెలిక్స్ బీస్టెక్ 1957లో ప్రచురించిన ‘ది కేస్‌వర్క్ రిలేషన్‌షిప్’ సాంఘిక సేవకులకు ఏడు సూత్రములను బోధిస్తున్నది. వాటిలో గోప్యత ఒకటి. అయితే ఈ హక్కు సంపూర్ణమైనది కాదని గ్రంథకర్తే అంగీకరించారు. ఈ గ్రంథమునకు ఇదే బలము.

సహాయకుడు, సహాయము కోరువాడు కార్యాలయములో మాత్రమే కలుసుకుంటారన్న భావన దీనిలోని లోపమని మేము తలంచుచున్నాము. మన గ్రామ సంఘములలో కాపరి ఉపదేశకుడే కాక పొరుగువాడు, ఒక్కొక్కసారి బంధువు కూడా. ఆయన విన్న దుఃఖము ఆదివారపు ప్రసంగములో ఉదాహరణగా వస్తే, పేరు చెప్పకపోయినా ఊరంతా గుర్తుపడుతుంది. ప్రార్థన అంశముగా చెప్పినా అంతే.

మరొకవైపు, బిడ్డపై లైంగిక దాడి జరిగినదని తెలిసిన తరువాత మౌనము వహించుట గోప్యత కాదు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము పోలీసులకు తెలియజేయుట తప్పనిసరి. కాపరికి మినహాయింపు లేదు. కనుక “ఎవరికీ చెప్పను” అని ముందే మాట ఇవ్వకుండుటయే నిజమైన కాపరి ధర్మము.