స్పెక్ట్రమ్ మెమరీ గుట్టు గీతల్లోనే ఉంది

పాత కంప్యూటర్లు బాగుచేసేవాళ్లలో నేను రెండు చేతులూ ఎత్తి మొక్కేది ఒక్క రకం వాళ్లకే: సోల్డరింగ్ ఐరన్ వేడెక్కకముందే పాడైన చిప్ ఏదో వేలు పెట్టి చూపించేవాళ్లకు. ఆ విద్య అందమంతా చూడాలంటే జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె మదర్‌బోర్డునే చూడాలి.

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ ఈ కంప్యూటర్‌ను విడుదల చేసింది. హార్డ్‌వేర్ రిచర్డ్ ఆల్ట్‌వాసర్‌ది, బేసిక్ రాసింది స్టీవ్ వికర్స్. చవకగా అమ్మాలన్న పట్టుదలలోంచి పుట్టిన యంత్రం కాబట్టి మెమరీలోనూ ఆ పొదుపు కనిపిస్తుంది. దిగువ 16కె కోసం ఐసీ6 నుంచి ఐసీ13 దాకా ఎనిమిది 4116 చిప్‌లు పెట్టారు. ఎగువ 32కె కోసం ఐసీ15 నుంచి ఐసీ22 దాకా ఇంకో ఎనిమిది. ఈ రెండో వరుసలో ఉన్నవి 64కె చిప్‌లే గానీ ఒక్కోదానిలో ఒక సగమే పనిచేస్తుంది. తయారీలో సగం చెడి పక్కన పెట్టిన సరుకును తక్కువ ధరకు తెచ్చి, ఏ సగం మంచిదో బోర్డు మీద ఒక చిన్న వైరు లింకుతో చెప్పారు. ఎంతటి యుక్తి!

ఎనిమిది చిప్‌లు ఎందుకంటే ఒక్కో చిప్ ఒక్కో బిట్‌ను మోస్తుంది. ఐసీ6ది సున్నా బిట్, ఐసీ13ది ఏడో బిట్. పైగా తెర మీద కనిపించే బొమ్మ ఉండేది ఈ దిగువ మెమరీలోనే, 16384 నుంచి. అందుకే ఈ మెమరీకి జబ్బు చేస్తే తెరే నోరు విప్పి చెబుతుంది.

స్విచ్ వేయగానే రామ్‌లోని ప్రతి గదిలోనూ రామ్ పరీక్ష 2 అనే అంకె రాస్తుంది. అప్పుడు తెర నల్లబడి, దాని మీద సన్నని ఎర్రటి నిలువు గీతలు క్షణంసేపు కనిపించి పోతాయి. రంగుల పట్టికలో 2 అంటే ఎరుపు కదా. ఇప్పుడు సున్నా బిట్ మోసే ఐసీ6 చెడి ఎప్పుడూ 1 అనే చెబుతోందనుకోండి. రాసిన 2 చదివేసరికి 3 అవుతుంది. గీత రెండింతలు లావవుతుంది, ఎరుపు మెజెంటాగా మారుతుంది. పరీక్ష అక్కడే ఆగిపోతుంది కాబట్టి ఆ బొమ్మ తెర మీద అలాగే నిలబడి ఉంటుంది. ఆరితేరినవాళ్లు గీత లావు, రంగు చూసి చిప్ నంబరు చెప్పేస్తారు. నాడి పట్టుకుని రోగం చెప్పే వైద్యుడి విద్య ఇది. కమడోర్ 64 అభిమానులు తమ డెడ్ టెస్ట్ కార్ట్రిడ్జ్ పెట్టి తెర ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టుకుంటారు. మంచిదే. స్పెక్ట్రమ్‌కి చాలాసార్లు ఆ కార్ట్రిడ్జ్ కూడా అక్కర్లేదు.

ఎగువ మెమరీ పోతే కథ వేరు. యంత్రం ఏమీ తెలియనట్టే లేచి, 16కె కంప్యూటర్‌లా పనిచేస్తుంది. ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733 అని అడిగితే 65535 రావాలి. 32767 వచ్చిందంటే రెండో వరుస మొదట్లోనే దెబ్బతింది. పోక్ 40000,255 అని రాసి, తిరిగి పీక్ చేయండి. 251 వచ్చిందా? తేడా 4. అంటే రెండో బిట్, అంటే ఐసీ17. అన్ని బిట్లూ ఒకేసారి తప్పుతుంటే మెమరీ చిప్‌ల జోలికి పోకండి. అడ్రసులు అందించే ఐసీ25, ఐసీ26లను అనుమానించండి. చవకైన చిన్న లాజిక్ చిప్‌ల తప్పుకు ఎనిమిది మెమరీ చిప్‌లకు శిక్ష వేయడం అన్యాయం.

వీటన్నిటికంటే ముందు కరెంటు చూడాలి. 4116కి మూడు రకాల వోల్టేజీ కావాలి: ఒకటో పిన్‌కి మైనస్ 5, ఎనిమిదో పిన్‌కి ప్లస్ 12, తొమ్మిదో పిన్‌కి ప్లస్ 5. మైనస్ 5 లేకుండా మిగతావి అందితే చిప్ కాలిపోతుంది. వీటిలో కొన్నింటిని పుట్టించే చిన్న సర్క్యూట్‌లో టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ ఉంటుంది. చెడిన చిప్ దాన్ని చంపుతుంది, అది చచ్చి మిగతా చిప్‌లను చంపుతుంది. ఊరికే టీఆర్4 మార్చి స్విచ్ వేసేవాళ్లు ఈ చక్రంలోనే తిరుగుతుంటారు.

నిపుణుల సృష్టిలో నాకు అన్నిటికంటే నచ్చినవి డయాగ్నస్టిక్ రామ్ పరీక్షలు. రామ్ మీద నమ్మకం లేనప్పుడు స్టాక్ వాడకూడదు, అంటే సబ్‌రొటీన్ పిలిచి వెనక్కి రాకూడదు. అందుకే తిరిగి రావాల్సిన చోటును జడ్80 ప్రాసెసర్ రిజిస్టర్లలోనే దాచుకుని, అక్కణ్నుంచి జంప్ చేస్తారు. ఫలితాన్ని తెర చుట్టూ ఉండే బోర్డర్ రంగుతో చెబుతారు, ఎందుకంటే బోర్డర్‌కి రామ్‌తో పనిలేదు. ఇంత నిగ్రహంతో రాసిన ప్రోగ్రామ్ చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. క్రిస్ స్మిత్ అయితే ఈ యంత్రపు యూఎల్‌ఏ చిప్ లోపలి నిర్మాణాన్ని విప్పి చూపి పుస్తకమే రాశాడు. అలాంటి శ్రద్ధ ముందు నేను తలవంచుతాను.

ఇక ఇప్పుడు జరుగుతున్నది చూస్తే మండిపోతుంది. ఒక్క చిప్ పోతే పదహారూ పీకి పారేస్తున్నారు. చవక డీసోల్డరింగ్ పంపుతో గట్టిగా లాగి, రాగి ప్యాడ్‌లు ఊడగొట్టి, నలభై ఏళ్లు బతికిన బోర్డును అరగంటలో చంపుతున్నారు. మంచి చేతులున్నవాళ్లు పాత సోల్డర్‌కి ముందు కొత్త సోల్డర్ కలుపుతారు. చెడిన చిప్ కాళ్లను ఒంటి దగ్గరే కత్తిరించి ఒక్కొక్కటిగా తీస్తారు. రాగి పరుపుకు అంటుకున్న పదహారో పిన్‌కి ఇంకాస్త వేడి, ఇంకాస్త ఓపిక ఇస్తారు. ఆ తర్వాత సాకెట్ పెడతారు, మళ్లీ ఆ చోట సోల్డర్ తగలకుండా.

బోర్డులు చంపేవాళ్లకు తోడు నకిలీల వ్యాపారం. ఏదో పాత చిప్ పై పొరను గీకి, నల్లరంగు పూసి, వేగం ఎక్కువున్న 4116-2 అని అచ్చేసి అమ్ముతున్నారు. కొన్నవాడు అది వేసి, పనిచేయక, బోర్డే పోయిందని చెత్తలో వేస్తాడు. ఇది దొంగతనమే. చిప్ చేతికి రాగానే అసిటోన్‌లో ముంచిన దూదితో పైన రుద్దండి. నలుపు దూదికి అంటితే తిప్పి పంపండి. కాస్త ఎక్కువ ధర పెట్టి, పాత బోర్డు నుంచి తీసి పరీక్షించిన అసలు చిప్ కొనండి.

మన దేశంలోనూ డెసిబెల్స్ సంస్థ స్పెక్ట్రమ్‌ను అమ్మింది కాబట్టి ఏ పాత ఇంటి అటక మీదో ఒకటి ఉండే అవకాశం లేకపోలేదు. దొరికితే తుక్కువాడికి వేయకండి, దయచేసి. తొందరపడి ఏ అడాప్టరో గుచ్చకండి కూడా. దీనికి కావాల్సింది 9 వోల్టుల డీసీ. ప్లగ్ మధ్యలో ఉండాల్సింది మైనస్, బయట ప్లస్. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువభాగం దీనికి తలకిందులు. ముందు మీటరు పెట్టి అది చూసుకుని, ఆ తర్వాతే స్విచ్ వేసి ఎర్ర గీతల కోసం చూడండి.