జిక్రు – హృదయమార్దవము

అరబ్బీయందలి ‘జిక్రు’ శబ్దమును దెనుఁగున ననువదించువారు కొందఱు ‘జపము’ అని వ్రాయుదురు. ఇది యర్థసంకోచము. తలఁచుట, పలుకుట యను రెండర్థములును ఆ శబ్దమునఁ గలవు. నామస్మరణమనునెడ మన ‘స్మరణము’ సైతము రెంటిని భరించును గాన నదియే యుక్తతరము. పైఁగా దీనికిఁ బ్రతియోగి ‘గఫ్లతు’, అనఁగా మఱపు. జపమునకు మఱపు ప్రతియోగి గానేరదు.

కరుడుగట్టిన హృదయమును ఖురాను 2వ యధ్యాయము 74వ వాక్యమున శిలతోఁ బోల్చి, శిలకంటెను గఠినమని నిర్ణయించినది. శిలలయందేని కొన్నిటినుండి యేఱులు వెలువడునఁట, కొన్ని దైవభీతిచే జాఱిపడునఁట. కాఠిన్యమున నుపమేయమున కాధిక్యము చెప్పుటచే నిది వ్యతిరేకాలంకారమే. అయినను నిందయందే యాశ కలదు: నీరు శిలలోపలనే యున్నది. మధుసూదనసరస్వతి భక్తిరసాయనమునఁ జిత్తమును లక్కతోఁ బోల్చెను. లక్కకుఁ దాపము వెలుపలినుండి రావలయును. రెండును ద్రవీభావమే యని త్వరపడి యేకము సేయరాదు.

ఇఁక 39వ యధ్యాయము 23వ వాక్యమునఁ గ్రమము పరిశీలింపఁదగినది. దివ్యవచనముచే మొదట మేను గగుర్పొడుచును. పిదప మేనును హృదయమును మెత్తనై స్మరణమువంక మొగ్గును. భయము పూర్వము, మార్దవ ముత్తరము. మార్దవము స్మరణమునకు ఫలమే కాక ద్వారమును నగుచున్నది. దీని నశ్రుపాతమాత్రముగా వివరించుట చవుకబాఱిన వ్యాఖ్య.

గజాలీ (1058–1111) బాగ్దాదు నిజామియా విద్యాలయమున నాచార్యపదవిని 1095లో విడిచి, పిమ్మట రచించిన ‘ఇహ్యా ఉలూముద్దీన్’ 40 ఖండముల గ్రంథము. అందు 9వ ఖండము స్మరణమును గూర్చినది. మనసు పెట్టని నాలుకస్మరణము స్వల్పఫలమని యచట నిర్మొగమాటముగాఁ జెప్పెను. హృదయమును గూర్చిన 21వ ఖండమున హృదయము దర్పణమయ్యెను. పాపము పొగ, స్మరణము మెఱుఁగు. ఇచట నొక చిక్కు కలదు. ఆ కాలపు టద్దము లోహమయము. ఎంత తోమినను మెఱయునే కాని మెత్తఁబడదు. ఈ యుపమ జ్ఞానమునకుఁ జక్కఁగఁ గుదిరినది, దయకుఁ గుదురలేదు.

ఆ కొఱఁతను దీర్చునది అహ్మదు ఇబ్ను హంబలు (మరణము 855) ముస్నదునందలి చిన్న వృత్తాంతము. తన హృదయము కఠినమని మొఱవెట్టుకొన్నవానికిఁ బ్రవక్త, పేదకు నన్నము పెట్టుమనియు, ననాథశిశువు తల నిమురుమనియుఁ జెప్పెనఁట. అచట నాలుకకుఁ గాక చేతికిఁ బని చెప్పఁబడినది. గజాలీ గ్రంథమున నీ చేతిపని దానమును గూర్చిన 5వ ఖండమునఁ గలదు. హృదయఖండమును మాత్రమే విడఁదీసి చదువువారి కది దొరకదు.