ప్రేవుల బాధకు క్రొవ్వు పథ్యము

అన్నము, రొట్టె మాని నెయ్యి, కొబ్బరినూనె, గ్రుడ్లు, మాంసములతో జీవించు పథ్యము 2017 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారి ప్రచారముతో తెలుగునాట ఇంటింటి మాట అయినది. స్థూలకాయమునకు, మధుమేహమునకు చెప్పబడిన ఈ మార్గమును కడుపుబ్బరము, తరచు విరేచనములు వంటి దీర్ఘకాలపు ప్రేవుల బాధలకు కూడ అనుసరించువారు కలరు. ఇందు సత్యమెంత?

ఆదిమానవుడు పిండిపదార్థముల నెరుగడనుట ఇట్టి పథ్యములను సమర్థించువారి వాదములలో నొకటి. శ్రీశైలము చుట్టునున్న నల్లమల అడవి వేరు సాక్ష్యము చెప్పుచున్నది. హైమెండార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, అడవిపై ఆధారపడిన చెంచులకు ముఖ్యాహారము త్రవ్వితీసిన దుంపలు, వేళ్లు; పండ్లు, తేనె వాటికి తోడు. వేటమాంసము కొద్ది. దుంపలలో నున్నది పిండిపదార్థమే కదా!

వాదము బలహీనమైనంత మాత్రమున పథ్యము నిష్ఫలమని చెప్పరాదు. ప్రేవులందు పుండుగాని, వాపుగాని కనిపించకున్నను బాధించు ఐ.బి.ఎస్. అను వ్యాధిపై స్వీడనులోని గోథెన్‌బర్గులో జరిగిన పరీక్ష ఫలితములు 2024లో వెలువడినవి. నాలుగు వారములలో, క్రొవ్వు హెచ్చించి పిండిపదార్థములు తగ్గించినవారిలో నూటికి 71 మందికి బాధ చెప్పుకోదగినంత తగ్గినది. మందులు వాడినవారిలో 58 మందికే తగ్గినది. అయితే, సులభముగ పులియు కొన్ని చక్కెరలను తగ్గించి, అన్నము, బంగాళాదుంప తినుటకు వీలిచ్చిన మూడవ పథ్యమున ఆ సంఖ్య 76!

కారణము సులభముగనే తెలియును. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలలోని ఫ్రక్టాన్లు, పప్పులలోని కొన్ని చక్కెరలు చిన్నప్రేవులో జీర్ణము కావు. పలువురికి పాలలోని లాక్టోజు కూడ అంతే. ఇవి పెద్దప్రేవు చేరగా సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టును. వాయువు పుట్టును, ప్రేవు ఉబ్బును. వరియన్నములోని పిండి చాలవరకు చిన్నప్రేవులోనే జీర్ణమగును. కర్నూలు ఉల్లి, వరియన్నము రెండును పిండిపదార్థముల జాబితాలోనివే. ప్రేవులో వాటి నడత వేరు. క్రొవ్వు పథ్యమున అన్నముతోపాటు గోధుమలు, పప్పులు, పాలు కూడ తగ్గిపోవును. కావున ఉపశమనమునకు క్రొవ్వే కారణమని తేల్చరాదు.

పైగా క్రొవ్వు అన్నకోశము ఖాళీయగుటను ఆలస్యపరచును. పిత్తాశయమున రాళ్లున్నవారికి నొప్పి తెప్పింపవచ్చును. పీచు తగ్గినచో, పెద్దప్రేవు పొరకు ఆహారమైన బ్యుటిరిక్ ఆమ్లమును తయారుచేయు సూక్ష్మజీవులకు మేత కరవగును. మధుమేహమునకు మాత్రలో, ఇన్సులినో వాడువారు వైద్యుని సలహా లేక దీనిని ప్రారంభించినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును.

అన్నిటికంటె పెద్ద అపాయము వేరొకటి కలదు. ప్రేవుల క్షయ మన దేశమున నేటికిని కలదు; బరువు తగ్గుట దాని హెచ్చరికలలో నొకటి. క్రొవ్వు పథ్యమువలన కూడ బరువు తగ్గును. రోగి దానిని విజయమనుకొని సంతోషించుచుండగా వ్యాధి ముదురును. కనుక జ్వరము, మలమున రక్తము, కారణము తెలియని బరువు తగ్గుదల ఉన్నవారు ముందుగ ఆసుపత్రికి పోవలెను.

అట్టి వ్యాధులు లేవని తేలిన పిదప చేయదగినది చిన్న ప్రయోగము. అనుమానించిన పదార్థములను కొన్ని వారములు మాని, ఒక్కొక్కదానినే తిరిగి తిని, ఫలితమును పుస్తకమున వ్రాసికొనవలెను. ఒకేసారి అన్నిటిని మానినవానికి దోషి యెవరో ఎన్నటికిని తెలియదు.