పానాకు అందే బండి

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల వైపు పోయే దారిలో, ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆ జీపు బానెట్ ఎత్తి నిలబెట్టి ఉంది. రంగేదో చెప్పడం కష్టం. ఈ ఊళ్లో ఎండాకాలం చెట్ల రంగే తెలియదు, ఇక బండి రంగేం తెలుస్తుంది! వేలితో గీస్తే తెల్లటి పొర కింద ఆకుపచ్చ, ఇంకాస్త గీస్తే దాని కింద పాత బూడిద రంగు బయటపడ్డాయి. ఏం బండి అని మేస్త్రిని అడిగితే "జీపు సారూ" అన్నాడు. కంపెనీ అడిగితే "మహీంద్రా" అన్నాడు. మొదట తయారుచేసింది ఎవరని అడిగేసరికి పానా పక్కన పెట్టి, పనీపాటా లేనివాణ్ణి చూసినట్టు చూశాడు.

మొదట తయారుచేసిన కంపెనీ ఇప్పుడు లేదు. దాని పేరు విల్లీస్-ఓవర్‌ల్యాండ్, ఊరు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో. 1903లో మొదలైన ఓవర్‌ల్యాండ్ కార్ల వ్యాపారం మునిగిపోతుంటే, ఆ కార్లే అమ్ముకునే జాన్ నార్త్ విల్లీస్ అనే డీలరు 1908లో దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. 1912లో కంపెనీ పేరుకు తన పేరు చేర్చాడు. ఆ దశాబ్దంలో అమెరికాలో ఫోర్డు తర్వాత ఎక్కువ కార్లు అమ్మింది వీళ్లే. వాల్వుల బదులు సిలిండరులో గొట్టాలు పైకీ కిందికీ ఆడే ఇంజనుతో విల్లీస్-నైట్ అనే కారు చేశారు. చప్పుడు తక్కువ, పొగ ఎక్కువ. 1926లో విప్పెట్ అనే చిన్న కారు దింపారు. ఆర్థిక మాంద్యం దెబ్బకు 1933లో కంపెనీ దివాలా తీసింది, 1935లో విల్లీస్ పోయాడు. ఇవన్నీ మంచి కార్లే కావచ్చు. కానీ వాటి కోసం ఈ ఎండలో ఎవరూ ఆగరు.

ఆగాల్సింది డెల్మార్ రూస్ అనే ఇంజనీరు దగ్గర. బార్నీ అని పిలిచేవాళ్లు. 1938లో కంపెనీకి వచ్చేసరికి అతని చేతికి దొరికింది 48 హార్స్‌పవర్ల పాత ఇంజను ఒక్కటే. కొత్తది గీయడానికి డబ్బు లేదు. పిస్టన్ల బరువు తగ్గించాడు, బేరింగులు మార్చాడు, కొలతల్లో సందులు బిగించాడు. అదే 2.2 లీటర్ల ఇంజను 60 హార్స్‌పవర్లకు వచ్చింది. పాత ఇంటి గోడలు కదపకుండా లోపల ఇల్లు మార్చినట్టు. ఉన్నదాంతో నెట్టుకొచ్చే ఈ పనితనం మన షెడ్లలో మేస్త్రులకు చెప్పక్కర్లేదు.

జీపును విల్లీస్ కనిపెట్టిందని చాలామంది అంటారు, అది తప్పు. 1940లో అమెరికా సైన్యం అడిగిన గడువులో మొదటి బండి తెచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. దాన్ని గీసినవాడు కార్ల్ ప్రాబ్‌స్ట్. జీపు మా సృష్టే అన్నట్టు ప్రకటనలు వేసుకోవద్దని 1948లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విల్లీస్‌ను కట్టడి చేసింది కూడా. సైన్యం ఆర్డరును విల్లీస్ గెలిచింది ఇంజనుతో. అయితే బండి బరువెక్కువైంది. 2,160 పౌండ్లు, అంటే 980 కిలోలు దాటకూడదని సైన్యం షరతు. రూస్ బండినంతా విప్పి ఒక్కో ముక్కా తూచాడు. పొడవెక్కువైన బోల్టులు కోయించాడు, రంగు ఒక్క పూతతో సరిపెట్టాడు. చివరికి లెక్క ఔన్సుల తేడాలో కుదిరిందట. అదే బండిని పిడుగురాళ్లలో ఒక్క పూట నిలబెడితే సున్నపు దుమ్ముకే ఆ లెక్క తప్పేది.

ఇక ఎదురుగా ఉన్న బండి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 80 అంగుళాలు, 1941 నాటి యుద్ధపు జీపుకు ఎంతో అంతే. ముందు జాలీ చూడండి. మొదట్లో విల్లీస్ వాళ్లు ఇనప పట్టీలను ఒక్కొక్కటే అతికి ఆ జాలీ చేసేవాళ్లు. సైన్యం కోసం అదే బండి చేసిన ఫోర్డు వాళ్లు ఒకే రేకును అచ్చులో నొక్కి తొమ్మిది చీలికలు తీశారు, తేలిక, చవక. విల్లీస్ కూడా దాన్నే పట్టుకుంది. యుద్ధం అయ్యాక ఊళ్లలో వాడే బండికి హెడ్‌లైట్లు పెద్దవయ్యాయి, చీలికలు ఏడయ్యాయి. అందం కోసమని ఎవరూ గీయని ముఖం అది. నాకు తెలిసి అంత అందమైన ముఖం ఇంకో బండికి లేదు.

బానెట్ మామూలు జీపుకన్నా ఎత్తు. దానికో కారణం ఉంది. 1953లో విల్లీస్ సీజే-3బీ అనే మోడల్ తెచ్చినప్పుడు పాత ఇంజను మీద కొత్త హెడ్డు పెట్టింది. గాలి తీసుకునే వాల్వులు హెడ్డులోకి ఎక్కాయి, పొగ వదిలేవి కింద బ్లాకులోనే ఉండిపోయాయి. బోరు అదే, స్ట్రోకు అదే. హార్స్‌పవర్ 70 దాటింది, కానీ ఇంజను ఎత్తు పెరిగింది. దానికి సరిపడా బానెట్ లేపారు, అంతే. సోకు లేదు. ఆ ఏడాదే కంపెనీని కైజర్ అనే ఇంకో కంపెనీ కొనేసింది. 1963లో విల్లీస్ పేరు తీసేశారు. తర్వాత జీపు 1970లో ఏఎంసీ కంపెనీ చేతికి, 1987లో క్రైస్లర్ చేతికి పోయింది.

మన దగ్గర కథ వేరు. యుద్ధకాలంలో కె.సి. మహీంద్రా అమెరికాలో ఉన్నప్పుడు రూస్‌ను కలిశారు. 1949లో బొంబాయి మజగావ్‌లో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. టొలీడోలో సీజే-3బీ 1968లో ఆగిపోయింది, ఇక్కడ ఆ ఎత్తు బానెట్ దశాబ్దాలు నడిచింది. తర్వాత ఆ బానెట్ కిందికి ఇంటర్నేషనల్ బీ-275 ట్రాక్టరు డీజిల్ ఇంజను దిగింది. ఈ బండిలో ఉన్నది అదే, 2,350 సీసీ. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కూడా అమెరికా కంపెనీయే, షికాగోది. ఆ పేరూ ఇప్పుడు లేదు. కనుమరుగైన ఒక కంపెనీ ఒంట్లో కనుమరుగైన ఇంకో కంపెనీ గుండె కొట్టుకుంటోందన్నమాట. పత్తి, మిరప చేల మధ్య ట్రాక్టరు మేస్త్రికి జీపు కొత్తదేం కాదు.

మేస్త్రి మడ్‌గార్డు మీద కూర్చుని పని చేస్తున్నాడు. ఆ బల్లపరుపు రేకు పానాలకు బల్ల, టీ గ్లాసుకు అరుగు, మనిషికి పీట. ముందు అద్దం చదునుగా ఉంటుంది; పగిలితే కిటికీ అద్దాలు కోసేవాడు కూడా కోసిస్తాడు. ఆ చట్రం ముందుకు వాలుతుంది. డీజిల్ ట్యాంకు డ్రైవరు సీటు కిందే. గేరు రాడ్డు పక్కన మరో రెండు చిన్న రాడ్డులు: ఒకటి ముందు చక్రాలకు, ఇంకొకటి లాగుడు పెంచడానికి. క్వారీ గుంటలోంచి బండి ఎక్కి వచ్చేది వాటి పుణ్యమే. చెయ్యి దూరని మూల ఒక్కటి వెతికాను, దొరకలేదు.

మెచ్చుకుంటున్నానని తప్పులు దాచను. కమాను కట్టల మీద నరసరావుపేట వెళ్లొస్తే నడుము రెండు రోజులు నాది కాదు. పొట్టి బండి, ఎత్తు బండి. వేగంగా మలుపు తిప్పితే పల్టీ కొట్టడానికి సిద్ధం. తడిస్తే బ్రేకుల్ని నమ్మకూడదు.

టొలీడోలో పాత ఫ్యాక్టరీని కూల్చేసినా, ఇటుకల్లోనే ఓవర్‌ల్యాండ్ అని అక్షరాలు పేర్చిన పొగగొట్టం ఒకటి ఉంచారని మేస్త్రికి చెప్పాను.

"గొట్టాలకేముంది సారూ, మనూళ్లో కావాల్సినన్ని" అన్నాడు. ప్యాకింగ్ అట్టను ఇంజను మూత మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంట టకటకా కొడుతున్నాడు. ఇనుము అంచుకు అట్ట తెగి, మూత ఆకారం దానంతటదే వస్తోంది. బోల్టు రంధ్రాల దగ్గర సుత్తి గుండు వైపు తిప్పి ఒక్కో దెబ్బ వేశాడు. గుండ్రటి అట్టముక్కలు ఒక్కొక్కటే సున్నపు నేల మీద రాలాయి.